ఏడో అడ్రసు

దయ్యాల ముచ్చట ఎవరైనా ఎత్తితే, చాయ్ పెట్టే వంకతో వంటింట్లోకి లేచిపోయే మనిషిని నేను. భయపడి కాదు, విసుగుతో. మా కోరుట్లలో ఫలానా ఇంట్లో ఫలానా ఆవిడ కనిపించిందట అనే మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. చూసినామె మాత్రం ఎప్పుడూ పక్క వీధిలోనే ఉంటుంది, నాకు ఒక్కసారీ దొరకలేదు. కింద రాసినది నేనే ఇంకొకరి దగ్గర చదివి ఉంటే నమ్మేదాన్ని కాదు. మీరు నమ్మకపోయినా నాకు కోపం రాదు.

నా పని కంప్యూటర్లతో. జగిత్యాలలో రెండు గదుల చిన్న ఆఫీసు మాది. రక్తం కావలసినవాళ్ళనీ, ఇవ్వగలిగేవాళ్ళనీ కలిపే యాప్ ఒకటి నడుపుతాం. ఆసుపత్రి నుంచి ఎవరైనా ఫలానా గ్రూపు కావాలని అందులో పెడితే, చుట్టుపక్కల ఉన్న దాతల ఫోన్లకు మెసేజ్ పోతుంది. పేర్లు, నంబర్లు, గ్రూపులు అన్నీ ఒక డేటాబేసులో ఉంటాయి. మనుషుల వివరాలు కాబట్టి దానికి గట్టి కాపలా. ఎవరిని లోపలికి రానివ్వాలో ఒక లిస్టు ఉంటుంది. ఆ లిస్టులో అడ్రసు లేని సర్వరుకు, అంటే మా యాప్‌ను నడిపే కంప్యూటరుకు, తలుపు తెరుచుకోదు.

చిక్కల్లా ఏమిటంటే, మా సర్వర్లు ఎప్పుడూ ఒకే సంఖ్యలో ఉండవు. మామూలు రోజుల్లో రెండు చాలు. జ్వరాల కాలం వచ్చి జనం ఒక్కసారిగా మీద పడితే, రద్దీ రోజుల్లో కొండగట్టు గుడికి అదనపు బస్సులు వేసినట్టు, కొత్తవి వాటంతట అవే లేస్తాయి. తాకిడి తగ్గగానే మాయమవుతాయి. లేచిన ప్రతిదానికీ ఒక కొత్త అడ్రసు, అంటే ఒక పొడుగాటి నంబరు. అది ఏ నంబరవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ నంబరు చూసి లిస్టులో చేర్చేదాకా కొత్త సర్వరు గుమ్మం బయటే నిలబడి ఉంటుంది. దాని వంతుకు వచ్చిన మనుషుల ఫోన్లలో చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈ చేర్చే పని అయిదేళ్ళు రాజమన్న చేతుల మీద నడిచింది. ఆయన మా ఆఫీసులో నాకంటే పెద్దవాడు, సిరిసిల్ల మనిషి, మరమగ్గాల ఇంట్లో పుట్టినవాడు. జగిత్యాలలో గది తీసుకుని ఉండి, సెలవు దొరికితే సిరిసిల్ల బస్సెక్కేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. అన్నం తింటుండగా ఫోను మోగినా ఎడమచేత్తో లాప్‌టాప్ తెరిచి, అది మన సర్వరేనా కాదా అని రెండుసార్లు చూసి, అప్పుడు చేర్చేవాడు. నంబరు పక్కన రిమార్కు రాయడానికి ఒక గడి ఉంటుంది. అందరూ అక్కడ తేదీ, కారణం రాస్తారు. ఆయన మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో ‘మనోడే’ అని రాసేవాడు.

అది చాలదన్నట్టు ఒక పొడుగు నోటుబుక్కులో చేత్తో కూడా రాసుకునేవాడు. ఏ రోజు నంబర్లు ఆ రోజు వరుసగా రాసి, చివరన ఒక గీత ఖాళీగా వదిలి, ఆ ఖాళీ గీతకు కూడా వరుస సంఖ్య వేసేవాడు. ఎందుకన్నా అని అడిగితే నవ్వేవాడే తప్ప చెప్పలేదు.

నాకు ఒళ్ళు మండేది. దీన్ని ఆటోమేటిక్ చేసేద్దాం, నాలుగు రోజుల పని అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఆయనది ఒకటే మాట.

“అచ్చేటోని మొకం ఒక్కసారన్న సూసి రానియ్యాలె చెల్లె. గంతే.”

ఒక చలికాలం ఉదయం రాజమన్న గుండెపోటుతో పోయాడు. నలభై ఆరేళ్ళు. ఆయన కుర్చీని పక్కకు జరపడానికి కూడా నాకు చేతులు రాలేదు.

ఆ తర్వాత ఆటోమేషన్ నేనే రాశాను. కొత్త సర్వరు లేచిందన్న కబురు అందగానే ఒక చిన్న ప్రోగ్రాము మేలుకుని, దాని నంబరు తెలుసుకుని, లిస్టులో చేరుస్తుంది. సర్వరు పోగానే తీసేస్తుంది. చక్కగా పనిచేసింది. కానీ ఒక తప్పు చేశాను. లిస్టును ముట్టుకోవడానికి ఆ ప్రోగ్రాముకు అధికారం కావాలి. దానికంటూ వేరే ఖాతా తెరవాల్సింది పోయి, రాజమన్న ఖాతాతోనే నడిపించాను. తెలియక చేసింది కాదు. మనిషి వెళ్ళిపోతే ఖాతా మూసేయడం మా పనిలో మొదటి పాఠం. అయితే ఆ మూసేయమనే మాట ఆఫీసులో ఎవరి నోటా రాలేదు. నాకైతే లిస్టు తెరిచినప్పుడల్లా చేర్చినవారు అన్న చోట ఆయన పేరు కనిపిస్తే బాగుండేది. ఇంకా పనిలోనే ఉన్నట్టు అనిపించేది.

ఇక ఆ రోజు సంగతి.

అక్కా, దాని ఏడేళ్ళ బిడ్డా, నేనూ కోరుట్లలో ఒకే ఇంట్లో ఉంటాం. బావ దుబాయిలో ఉంటాడు. ఆ వానాకాలం ఊరంతా డెంగీ. అక్కకు అయిదు రోజులుగా జ్వరం. సోమవారం తెల్లారేసరికి చిగుళ్ళ నుంచి రక్తం రావడం మొదలైంది. బిడ్డను పక్కింట్లో వదిలి, ఇంటికి తాళం వేసి, అక్కను కారులో జగిత్యాల తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాను. లాప్‌టాప్ ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. ఇంటి తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నం ఒంటిగంటకు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. లోపల కూడా రక్తం పోతోంది, ఓ నెగెటివ్ రెండు యూనిట్లు ఎక్కించాలి, బ్లడ్ బ్యాంకులో ఒకటే ఉంది, రెండోది మూడింటిలోపు దొరకాలి అని చెప్పింది. నేను వెంటనే మా యాప్ తెరిచాను. ఎంతమందికి నేర్పానో ఆ యాప్ వాడటం. గ్రూపు పెట్టాను, ఆసుపత్రి పేరు పెట్టాను, పంపించు అని నొక్కాను.

చక్రం తిరగడం మొదలైంది.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే చక్రం. ఆఫీసులో ఉన్న అమ్మాయికి ఫోన్ చేస్తే చెప్పింది. పన్నెండు గంటలకు హైదరాబాదు నుంచి మా మేనేజరు పాత ఉద్యోగుల ఖాతాలన్నీ మూసేశాడట. రాజమన్నది కూడా. నా ప్రోగ్రాము అప్పుడే చచ్చింది. అప్పటి నుంచి జనం పెరిగి నాలుగు కొత్త సర్వర్లు లేచాయి, ఒక్కటీ లోపలికి పోలేదు. నా రిక్వెస్టు వాటి వంతుకే పడినట్టుంది.

లిస్టును మార్చే అధికారం ముగ్గురికే. ఒకరు రాజమన్న. ఇంకొకరు మేనేజరు, ఆయన ఫోను ఎత్తడం లేదు. మూడో మనిషిని నేను, నాకు ఆ అధికారం నా లాప్‌టాప్ నుంచే, ఫోను నుంచి కుదరదు. కోరుట్ల పోయి రావడానికి రెండు గంటలు పడుతుంది. అక్కను వదిలి ఎట్లా పోను? తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాను, ఎవరికీ ఆ గ్రూపు లేదు. మా అక్క ప్రాణం నా బద్ధకం మీద, నా మొహమాటం మీద ఆగిపోయిందని నాకు అర్థమైంది.

ఐసీయూ బయట వరండాలో ఇనుప కుర్చీలున్నాయి. పైన రేకులు. వాన జోరుగా పడుతోంది. ఫోను ఒళ్ళో పెట్టుకుని మేనేజరుకు మళ్ళీ మళ్ళీ చేస్తూ కూర్చున్నాను. రెండు రాత్రులుగా నిద్ర లేదు. కళ్ళు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు.

రేకుల మీది వాన చప్పుడు మెల్లగా మగ్గాల చప్పుడైంది. పొడుగాటి షెడ్డు, సన్నని తెల్లని వెలుతురు, గాలిలో నూలు దూది తేలుతోంది. నేను అప్పటిదాకా ఎన్నడూ సిరిసిల్ల షెడ్డులో అడుగుపెట్టలేదు. రాజమన్న ఒక మగ్గం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు, ఆఫీసుకు వేసుకొచ్చే నీలం చొక్కాలోనే. పడుగు నూలు చుట్టిన కొత్త బీము ఎక్కించినట్టున్నారు. దాని పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతుకుతున్నాడు. వేళ్ళ మధ్య చిన్న మెలిక, అంతే, పోగు కలిసిపోతోంది. నేను పక్కన కూర్చున్నాను. ఆయన ఒక పోగు నా చేతికిచ్చాడు. నేను అతికాను. మొత్తం నాలుగు. ప్రతిదాన్నీ వెలుతురుకు ఎత్తి చూసి, తల ఊపి, వదిలాడు. నాకు ఏ తొందరా లేదు. అక్క సంగతి కూడా గుర్తులేదు. ఎండలో ఆరిన బట్టల మధ్య కూర్చున్నంత హాయిగా ఉంది.

తర్వాత ఆయన ఇంకొక పోగు తీశాడు. దాన్ని దేనికీ అతకలేదు. మగ్గం పక్కన కర్రగుంజకు చుట్టి ముడి వేశాడు.

“గిదెవలికన్నా?” అని అడిగాను.

“ఎనుక అచ్చేటోనికి.”

ఫోను మోగితే మెలకువ వచ్చింది. ఒంటిగంటా యాభై ఎనిమిది. ఎవరిదో తెలియని నంబరు.

“మేడం, నాది మల్లాపూర్. ఓ నెగెటివ్ గావాలెనని ఇప్పుడే మెసేజ్ అచ్చింది. పని మీద జగిత్యాలకే అచ్చిన, బస్టాండ్ కాడ ఉన్న. ఏ దవాఖానకు రావాలె?”

ఆయన వచ్చాడు. రక్తం ఇచ్చాడు, చాయ్ కూడా తాగకుండా బస్సుకు వెళ్ళిపోయాడు. అక్క బతికింది. ఇప్పుడు ఇది రాస్తుంటే పక్క గదిలో బిడ్డ మీద అరుస్తోంది.

మర్నాడు ఆఫీసులో రికార్డులు తీశాను. నేను చూసినవి చూసినట్టు చెబుతాను. ఒంటిగంటా నలభై ఒకటికి లిస్టులో మొదటి కొత్త నంబరు చేరింది. నలభై మూడుకల్లా నాలుగూ చేరాయి. చేర్చిన ఖాతా నాది. చేర్చిన చోటు కోరుట్లలో మా ఇంటి ఇంటర్నెట్టు. తాళం వేసిన ఇల్లు, బీరువాలో లాప్‌టాప్. నాలుగింటి పక్కనా రిమార్కు గడిలో ‘మనోడే’ అని ఉంది.

మా మేనేజరు సింపుల్‌గా తేల్చేశాడు. కంగారులో నువ్వే ఎట్లాగో చేసి మరిచిపోయి ఉంటావన్నాడు. సరే, అనుకుందాం. రెండు రాత్రులు నిద్ర లేని మనిషి ఏమైనా చేస్తుంది. ఆ పిచ్చి రిమార్కు కూడా నేనే రాశాననుకుందాం.

కానీ చేరినవి నాలుగు కాదు, అయిదు. నలభై నాలుగుకు అదే ఖాతాతో ఇంకొక నంబరు చేరింది. అప్పటికి ఆ నంబరున్న సర్వరు మా దగ్గర లేదు. పదకొండు నిమిషాల తర్వాత, ఒంటిగంటా యాభై అయిదుకు, జనం ఇంకా పెరిగి, ఉన్న ఆరూ చాలక, ఒక సర్వరు లేచింది. పాతవి రెండు, కొత్తవి నాలుగు, ఇది ఏడోది. దానికి, మాకు సర్వర్లు అద్దెకిచ్చే క్లౌడ్ కంపెనీ ఇచ్చిన నంబరు అదే. ఒక్క అంకె తేడా లేదు. అప్పటిదాకా వరుసలో ఆగి, నా ఫోనులో తిరుగుతూ ఉండిపోయిన అక్క రిక్వెస్టు ఆ ఏడో సర్వరు మీదుగానే పోయింది.

ఆ నంబరును ముందుగా తెలుసుకునే దారి ఏమైనా ఉందా అని నాలుగు నెలలు వెతికాను. క్లౌడ్ కంపెనీ వాళ్ళకు రాసి అడిగాను. అలా కుదరదని మర్యాదగా జవాబిచ్చారు.

చలికాలంలో రాజమన్న నోటుబుక్కు ఇచ్చి రావడానికి సిరిసిల్ల వెళ్ళాను. వాళ్ళ నాయన ఇంకా రెండు సాంచాలు నడుపుతున్నాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. షెడ్డులోకి అడుగుపెట్టి చుట్టూ చూశాను. మగ్గం పక్కన కర్రగుంజ ఉంది. దానికి నూలుపోగులు ముడివేసి ఉన్నాయి, పాతవి, దుమ్ము పట్టినవి, గుత్తులు గుత్తులుగా. ఇవేంది బాపూ అని అడిగాను. కల సంగతి ఆయనకు చెప్పలేదు.

“అన్ని పోగులు అతికినంక ఒక్కటి ఎక్కువ కట్టి పెట్టాలె బిడ్డా. మా నాయిన నేర్పిండు. నడుమల ఏదన్న తెగితే ఉరుకులాడద్దు గద. ఎనుక అచ్చేటోనికి జాగా ఉండాలె.”

రాజమన్న ఈ అలవాటు గురించి నాకెప్పుడైనా చెప్పి ఉంటాడేమో, నేను మరిచిపోయి ఉంటానేమో, అది కలలోకి వచ్చిందేమో. ఉండవచ్చు. అలా అనుకున్నా ఆ నంబరు సంగతి మిగిలే ఉంటుంది.

ఇప్పుడు ప్రోగ్రాముకు దాని సొంత ఖాతా తెరిచాను. రిమార్కు గడిలో తేదీ, కారణం రాసేలా చేశాను. తర్వాత మనసు ఒప్పక ‘మనోడే’ అని మార్చాను.

ఆ రోజు సిరిసిల్లలో నేను బయలుదేరుతుంటే ముసలాయన గుమ్మం దాకా వచ్చాడు. నోటుబుక్కును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

“మావోని పని గిప్పుడు ఎవలు చేస్తున్నరు బిడ్డా?”

“ఎవలు చెయ్యరు బాపూ,” అన్నాను. “దానంతట అదే అయితది.”

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, సరేనన్నట్టు తల ఊపి లోపలికి పోయాడు. షెడ్డులో మగ్గం మళ్ళీ మొదలైంది. బస్టాండు దాకా ఆ చప్పుడు చెవుల్లోనే ఉంది. ఆయనతో నేను అన్నది నిజమో అబద్ధమో నాకు ఇవాళ్టికీ తెలియదు.