నాలుగు ‘మా’లు

మామా పోయింది. చైనా నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. వింటుండగానే నా చేయి నుదుటి మీది మచ్చను తడిమింది. మామా విసిరిన గరిటె తగిలిన చోటు అది.

కువైట్‌లో ఇంటిపని చేసే మాకు యజమానురాలు ఎవరైనా ‘మామా’యే. అహ్మది ఊళ్లోని ఈ మామా చైనా మనిషి, భర్త అక్కడ ఇంజినీరు. జ్వరానికి ఆవిడ చెవులు పోతే కాక్లియర్ ఇంప్లాంట్ అనే చెవి యంత్రం పెట్టించారు. మాట వినబడేది గానీ, గొంతు లేచిందో దిగిందో తెలిసేది కాదు. చైనా భాషకు అదే ప్రాణం. ‘మా’ అని పైన సాగదీస్తే అమ్మ, కింది నుంచి లేపితే జనుము, దించి లేపితే గుర్రం, విసురుగా దించితే తిట్టడం. మంచాన పడ్డ తల్లితో ఫోన్లో మాట్లాడాలని ఆవిడ ఆరాటం. ఏమీ అర్థం కాక రెండుసార్లు మాట మధ్యలోనే ఫోన్ గోడకేసి కొట్టింది.

ఆసుపత్రిలో ఆ ఎగుడుదిగుడులు పట్టించే కొత్త ప్రోగ్రాం చెవి యంత్రంలోకి ఎక్కించారు. ఇంట్లో సాధన నాతో. నాలుగు ‘మా’లూ నాకు ఆవిడ కూతురే నేర్పింది. పెదాలు కనబడకుండా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నేను అనాలి, మామా సరైన బొమ్మ చూపాలి. తప్పు ఆవిడది, దెబ్బలు నాకు. గరిటె తగిలి నెత్తురు కారిన రోజు నేనూ ఊరుకోలేదు, ఆవిడ చేయి పట్టి మెలితిప్పాను.

“ఇంకోసారి సెయ్యెత్తారంటే నేనూ కొట్టేత్తానండి, ఆయ్!” అని తెలుగులోనే అరిచాను. కోపంలోనూ ఈ ‘అండి’ వదలదు మా గోదావరి వాళ్లని.

మామా తన మెడలోని స్కార్ఫుతో నా నెత్తురు అద్ది, “ఖలాస్. యల్లా, మళ్లీ అను,” అంది, అయిపోయిందిక, కానియ్ అని అరబ్బీలో. క్షమాపణ లేదు. పోయింది కదాని ఆ కొట్టడాన్ని ఒప్పు అనను.

ఒకరోజు వంటింట్లోంచి ఎప్పటిలాగే గొంతు దించి లేపుతూ “మామా!” అని కేకేశాను. ఆవిడ గిరుక్కున తిరిగి, వచ్చీరాని ఇంగ్లీషులో, “ఇన్నేళ్లూ నన్ను గుర్రం, గుర్రం అంటున్నావా?” అని పగలబడి నవ్వింది.

మర్నాడే తల్లికి ఫోన్ చేసింది. కాసేపు విని, “మా మా!” అని కేక పెట్టింది. అది నా పిలుపు కాదు. మొదటిది పైన సాగింది, రెండోది విసురుగా దిగింది. అమ్మ తిడుతోంది! రెండుసార్లు ఫోన్ మధ్యలో పెట్టేసినందుకట. ఒక చేత్తో ఫోన్ చెవి యంత్రానికి అదిమిపట్టి, ఏడుస్తూ, రెండో చేత్తో నా భుజం మీద బాదుతూనే ఉంది. నేను పక్కకి జరగలేదు.