మైనస్ వైపు ముల్లు

నిన్న లాలాగూడలో మెకానిక్ కాసింభాయ్ షెడ్డు ముందు నిలబడ్డప్పుడు, సోల్డరింగ్ పొగ వాసన ముక్కుకు తగలగానే నా వయసు ఏడేళ్ళకు దిగిపోయింది. నాన్న పోయాక వాకిట్లో టార్పాలిన్ కింద పడి ఉన్న పాత కారుకు కొత్త మీటర్లు పెట్టిద్దామని తోయించుకుని వెళ్ళాను. డాష్‌బోర్డు కింద మాత్రం ఇంకా అంతా నాన్న చేతిపనే.

నాన్న రైల్వే వర్క్‌షాపులో వైరింగ్ చేసేవాడు. పాత ఇనుము సంతలో కొన్న గుండ్రటి మీటరు ఒకటి, మామిడికాయ ముక్కలు ఆరేసిన వాకిట్లో, పసుపూ ఆవపిండీ ఘాటుకు తుమ్ముతూ తానే బిగించాడు. బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతుంటే ముల్లు ప్లస్ వైపు, ఖర్చవుతుంటే మైనస్ వైపు పోవాలి. మా కారులో ఎప్పుడు చూసినా మైనస్సే. "తీగలు ఉల్టా పెట్టిన బిడ్డా, మన బండికి మైనస్సే మంచిది" అనేవాడు, ముందు సీట్లో అమ్మ వింటుండగా. నేనెంత నమ్మానంటే, మైనస్ అంటే తక్కువ అని లెక్కల టీచరు చెబితే "మా కారుకు కాదు టీచర్" అని లేచి, ఆ పూటంతా బెంచీ మీద నిలబడ్డాను.

ప్రతి శనివారం బ్యాటరీని ఊడదీసి, సైకిలు క్యారియర్‌కు కట్టుకుని ఎటో తీసుకుపోయేవాడు. దానికి తలస్నానమట. నాకూ శనివారమే కుంకుడుకాయ పులుసు కళ్ళల్లో పడేది కాబట్టి న్యాయంగానే ఉందనుకున్నాను. ఆషాఢంలో బోనాలకు బొల్లారం మేనత్త ఇంటికి వెళితే, వేపాకుల వాసనా బెల్లం అన్నం ఆవిరీ డప్పుల మోతా కలిసి ఒళ్ళు పులకరించే వేళకు, సరిగ్గా దీపాలు వెలిగించబోతుండగా, నన్ను ఎత్తుకొచ్చి కారులో కూలేసేవాడు. "రాత్రి బండి నడిపితే నా కండ్లకు తక్లీఫ్" అనేవాడు. అదే మనిషి నైట్ డ్యూటీకి చీకట్లో సైకిలు తొక్కుకుంటూ పోయేవాడని నాకెందుకు తట్టలేదో! ఏడ్చి ఏడ్చి దారిలోనే నిద్రపోయేదాన్ని.

నిన్న కాసింభాయ్ కొత్త బ్యాటరీ పెట్టి, ఇంజన్ ఆపే ఉంచి లైట్లు వేశాడు. ముల్లు మైనస్ వైపు జరిగింది.

"మీటర్ సీదానే ఉంది మేడమ్. ఉల్టా ఉంటే ప్లస్‌కు పోవాలె. విప్పి చూసిన, బ్యాటరీకి కరెంటు ఎక్కించే డైనమోనే ఖతం. లోపల కాలి ఎన్నేండ్లయిందో!"

తీగలకు నాన్న మైనపు దారంతో కట్టిన ముడులు ఎవరూ విప్పలేదు, అవి అప్పటి తీగలే. అంటే మా బ్యాటరీ ఎక్కడం లేదు, వారమంతా దిగిపోతూనే ఉంది. శనివారం నాన్న దాన్ని చార్జింగ్‌కు తీసుకుపోయేవాడు, హెడ్‌లైట్లు వేస్తే దిగిపోతుందనే చీకటి పడకముందే బండి తీసేవాడు. రైలు పెట్టెలకు వైరింగ్ చేసిన మనిషికి అది తెలియదా? తెలిసీ నాకెందుకలా చెప్పాడు? కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఏదీ నిలవలేదు.

నేరేడ్‌మెట్‌లో ఇంటికొచ్చి అడిగితే, అమ్మ చిక్కుడుకాయలు తుంచడం ఆపలేదు.

"నాకెర్కనే. ఇంకోపారి ఖరాబైతే బండి అమ్మేద్దమని నేనే లొల్లి పెట్టిన. గందుకే దాచిండు. ఆ బండంటే ఆయనకు పాణం, నేను సుత అడగలే."

అయితే ఆ ఉల్టా తీగల మాటలు నాకోసం కావు, అమ్మ చెవిన పడాలని. ఇంట్లో ముగ్గురం ఉంటే వాటిని నిజంగా నమ్మింది నేనొక్కదాన్నే. సిగ్గేసింది, ఎందుకో గర్వంగానూ అనిపించింది. ఆ సైకిలు లేదు, మేనత్త ఇల్లు అపార్టుమెంట్ల కింద పోయింది, బండికేమో రేపు కొత్త డైనమో వస్తుంది.

కాసేపటికి అమ్మ చేతులు ఆగాయి.

"నాకు ఎర్కనే అని ఆయనకు ఎర్కుండెనా, బిడ్డా?"

నాన్నకు తెలుసంటే అమ్మకు ఊరటో, తెలియదంటే ఊరటో నాకు తేలలేదు. చిక్కుడుకాయల పళ్ళెం నా వైపు లాక్కుని తుంచడం మొదలుపెట్టాను.