బొగ్గు చుక్క పెట్టిన తాబేలు గుడ్లు

తడిసిన గోనెపట్టా వాసన ఇష్టమంటే ఎవరైనా నవ్వుతారు గానీ, నాకు ఇష్టమే. చలికాలం చివర నుంచి ఎండలు ముదిరేదాకా వారానికి రెండు రోజులు తెల్లవారుతూనే మద్దిలపాలెంలో బస్సెక్కి, భీమిలి దారిలో తాబేలు గుడ్లు పొదిగించే దడి దగ్గర దిగుతాను. అక్కడ ఇసుక మరీ వేడెక్కకుండా పైన కొబ్బరి తడకలు కట్టి, వాటి మీద గోనెపట్టాలు పరిచి, నీళ్లు చల్లుతుంటారు. ఆ వాసన తగిలిందంటే చాలు, నాకు తొమ్మిదేళ్లు వచ్చేస్తాయి, మామ్మ పెరడు గుర్తుకొస్తుంది.

మామ్మ మా నాన్నకి తల్లి. నాన్నకి పోర్టులో షిఫ్టులు, అమ్మకి ఆసుపత్రిలో నర్సు డ్యూటీలు, అందుకని నేను భీమిలికి ఇవతల సముద్రం ఒడ్డునున్న మామ్మ ఇంట్లోనే పెరిగాను. ఇంటికీ నీళ్లకీ మధ్య తాటిచెట్టంత ఇసుక దిబ్బ, దిబ్బ నిండా మొగలి పొదలు, వాటి కింద ఊదారంగు పూల తీగ, తీగ కింద మమ్మల్ని చూసి బొరియల్లోకి దూరే పీతలు. పొద్దున్నే చోడంబలి, మధ్యాహ్నం ఎండబెట్టిన చేపల వాసన, ఎండాకాలంలో గొంతు గీరుకుపోయేదాకా జీడిమామిడి పళ్లు, సాయంత్రం మొగలి పొదల్లో దాగుడుమూతలు, ముళ్లు గీసుకుపోయిన కాళ్లతో ఇంటికొస్తే మామ్మ చేత తిట్లు. ఆవిడ నోటికి వీధంతా జడిసేది. కానీ తగరపువలస సంతలో కోడిపెట్ట కొనాలన్నా, పొదుగు మీద కూర్చోబెట్టాలన్నా ఆవిడే కావాలి. గుడ్డుని ఎండకెత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూసి, లోపల పిల్ల ఉందో లేదో చెప్పేసేది.

ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాసాలు మొదలైన వారంలో ఒక పొద్దున దిబ్బ కింద రెండు కుక్కలు ఇసుక తవ్వుతున్నాయి. మామ్మ చీపురు పట్టుకుని పరుగెత్తింది, వెనకాల నేను. అప్పటికే సగం గుడ్లు తినేశాయి. మిగిలినవి అరవై ఒకటి, తెల్లగా, గుండ్రంగా, వేలితో నొక్కితే సొట్టపడేంత మెత్తగా ఉన్నాయి. మామ్మ వాటిని గంపలోకి ఎత్తుతుంటే, పక్కింటి ఎర్రయ్య వల భుజాన వేసుకుని వస్తూ ఆగాడు. ఎర్రయ్య వాళ్లకి తాబేలు దేవుడు, వలలో పడితే దండం పెట్టి వదిలేస్తారు.

“అప్పా, ఏటి సేత్తన్నావ్? ఉన్నకాడే కప్పెట్టియ్యి.”

“కప్పెడితే కుక్కలు ఊరుకుంటాయేటి? నువ్వు కాపలా కాత్తావా?” అని మామ్మ గంప నెత్తికెత్తుకుంది.

పెరట్లో మునగచెట్టు కింద గొయ్యి తీసి, దిబ్బ ఇసుకే తెచ్చి పోసి, గుడ్లు పేర్చి కప్పి, పైన తడి గోనెపట్టా పరిచింది. కోడి పొదుగు మీదుండి రోజూ ముక్కుతో గుడ్లు తిరగేస్తుంది, తిరగేయకపోతే పిల్ల పెంకుకి అంటుకుపోతుంది, అది మామ్మకి తెలుసు. తాబేలు తల్లి సముద్రంలోకి పోయింది కదా, మరి వీటినెవరు తిరగేస్తారు? “మనవే తిప్పాలే,” అంది. ఏది తిప్పామో ఏది తిప్పలేదో తెలియడానికి ప్రతి గుడ్డుకీ ఒక పక్క బొగ్గుతో చుక్క పెట్టింది. పొద్దున చుక్క పైకి, సాయంత్రం చుక్క కిందికి. ఆ పని నాది. ఇసుక తీసి, అరవై ఒక్కటీ తిప్పి, మళ్లీ కప్పేదాన్ని. జ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకుని వెళ్లి తిప్పాను. రాత్రి ప్రార్థనలో మామ్మ మా అందరి పేర్లూ అయ్యాక, “ఈ తల్లిలేని పిల్లల్ని కూడా సూడు ప్రభువా” అనేది. ఈస్టరుకి పిల్లలు లేస్తాయని వీధంతా చెప్పుకున్నాను, బళ్లో కూడా చెప్పుకున్నాను.

ఈస్టరు నాడు తెల్లవారుజాము ఆరాధన నుంచి కొత్త గౌనుతోనే పెరట్లోకి పరుగెత్తాను. ఇసుక కదల్లేదు. మరో వారం చూశాం. తర్వాత మామ్మ గొయ్యి తీసింది. గుడ్లు పచ్చబడి, కొన్ని నల్లబడి, వాసన కొడుతున్నాయి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరినీ ఒక మంచి మాట అనని మామ్మ నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, “నువ్వు ఒక్క పూట మాననేదు కదే. ఈ ఏడు ఎండలు మాయదారి ఎండలు, నీదేటి తప్పు నేదే” అంది. నేను నమ్మాను. నలభై ఏళ్లు నమ్మాను.

దడి చూసుకునే రమణమ్మ, నేను సాయానికి చేరిన మొదటి రోజే చెప్పింది. “తల్లి ఎలాగెట్టిందో అలాగే పెట్టాలమ్మా. ఒకపాలి పిల్ల పెంకుకి పట్టుకున్నాక తిప్పీసినామంటే లోపలే సచ్చిపోద్ది.” ఒక్క పూట మానకపోవడమే నేను చేసిన తప్పు. మామ్మ అప్పటికే లేదు, ఆవిడకి తెలియకుండా పోయినందుకు నాకు సంతోషమే.

ఆ ఇసుక దిబ్బ ఇప్పుడు లేదు. సగం రోడ్డు కిందికి పోయింది, సగం సముద్రం కోసుకుపోయింది. మొగలి పొదలు లేవు, ఎర్రయ్య లేడు. ఉన్నచోటే కప్పెట్టమనడానికి చోటే మిగలక, దొరికిన ప్రతి గుడ్డునీ దడిలోకి తేవాల్సి వస్తోంది. ఇసుక కాలితే పుట్టేవన్నీ ఆడపిల్లలేనట, ఇంకా కాలితే అవి కూడా పుట్టవట. పోయిన ఏడు ఒక గుంటలో పిల్ల ఒక్కటీ లేవలేదు. ఎవరూ తిప్పలేదు, కుక్క ముట్టలేదు, రోజుకి మూడుసార్లు నీళ్లు చల్లారు. రమణమ్మ పాడైన గుడ్లు ఏరుతూ, “నానేటి తప్పు సేసినానమ్మా?” అని అడిగింది.

మామ్మా నేనూ చేసిన తప్పు చేతులది. తిప్పకూడదని ఒక్క మాట చెబితే మానుకునేవాళ్లం. ఇసుకే కాలిపోతుంటే ఈవిడ మానుకోవాల్సిందేముంది? ఇంకా రోజులు నిండని గుంటలు పద్నాలుగు ఉన్నాయి, ఎండ అప్పుడే తడకల మీదికొస్తోంది. బకెట్టు తీసుకుని నీళ్లకి వెళ్లాను.