లోడర్ బకెట్‌కి పళ్ళు

మా నర్సరీ ట్రాక్టర్ బకెట్‌కి ఎలాంటి పళ్ళు కొనాలో తేల్చే పని నా నెత్తిన పడింది. నేను చదివింది వ్యవసాయ ఇంజనీరింగ్. సింగపూర్‌లో ఆ చదువుకి ఉద్యోగం దొరకడం గగనం. మా ఆయనకి ఇక్కడ బ్యాంకులో పని దొరికితే వెంట వచ్చాను. బుకిట్ పంజాంగ్‌లో ఫ్లాట్ తీసుకున్నాం, పాపని స్కూల్లో వేశాం. చాలాకాలం ఇంట్లో కూర్చున్నాక క్రాంజి వైపున్న ఈ మొక్కల నర్సరీలో సామాన్ల కొనుగోలు చూసే ఉద్యోగం వచ్చింది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఇక్కడ పనిచేయడానికిచ్చే నా వర్క్ పాస్ ఈ నర్సరీ పేరు మీదే ఉంది. ఇక్కడ మానేస్తే పాస్ పోతుంది. ఇంకోచోట అడిగితే, కొత్తగా పాస్ చేయించాలా అని వాళ్ళు మొహం ముడుచుకునేవాళ్ళు. మానేస్తానన్నప్పుడల్లా మా ఆయన "ఇక్కడి పీఆర్ వచ్చేదాకా ఓపిక పట్టు" అనేవాడు. ఆ శాశ్వత నివాస అనుమతి ఎప్పుడొస్తుందో ఆయనకీ తెలీదు.

నా ఆఫీసు ఒక పాత షిప్పింగ్ కంటైనర్. దానికున్నది బయటికి తెరుచుకునే ఒక్క తలుపు. దాని పక్కనున్న ఒక్క కిటికీకీ దొంగల భయంతో ఇనుప గ్రిల్ వెల్డింగ్ చేయించారు. పొద్దున లోపలికెళ్ళి తలుపు లాక్కుంటే మళ్ళీ సాయంత్రం బస్సు టైముకే బయటపడడం.

బిల్డింగుల పునాదుల దగ్గర తవ్విన బంకమట్టిని లారీలు తెచ్చి మా యార్డులో పోసేవి. దాన్ని కంపోస్టుతో కలిపి కుండీలకి వాడతాం. ఎండితే ఆ మట్టి ఇటుకలా గట్టిపడేది, తడిస్తే జిగురులా అతుక్కునేది. మా బకెట్ అంచు చదునుగా ఉండడంతో గుట్టలో దిగకుండా పైకి జారిపోయేది. దానికి పొక్లెయిన్‌కి ఉన్నట్టు పళ్ళు కావాలి. పళ్ళున్న ఇనప పట్టీని టూత్ బార్ అంటారు. బకెట్ అంచుకి దాన్ని బోల్టులతో బిగించుకోవచ్చు, లేదా పళ్ళని నేరుగా అంచుకే వెల్డింగ్ చేయించుకోవచ్చు.

ట్రాక్టర్ నడిపే అన్న చిత్తూరు సరిహద్దు అవతల, తమిళనాడు వైపు మనిషి. ఇంట్లో తెలుగే. ఆయన వెల్డింగే అనేవాడు. "మాటిమాటికీ ఎవరు ఊడదీస్తారమ్మా? వెల్డింగ్ కొట్టి పారేస్తే పోతుంది."

యజమాని డెబ్బై దాటిన చైనీస్ పెద్దాయన. అందరం అంకుల్ అనేవాళ్ళం. ఆయనకి అసలు పళ్ళ మాటే గిట్టదు. "కెనాట్ లా, కుదరదు! నా యార్డు కాంక్రీటంతా గీకి పారేస్తాయి," అనేవాడు. మట్టి కదలడం లేదని మళ్ళీ ఆయనే అరిచేవాడు. ఇద్దరి మధ్యా నేను కేటలాగులు తిప్పుతూ, తేల్చకుండా రోజులు నెట్టాను. ఉండబుద్ధి కాని చోట ఏ బకెట్‌కి ఏ పళ్ళుంటే నాకేంటి అనిపించేది.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. అంతకుముందే లారీ వాడు కొత్త మట్టి తెచ్చి నా ఆఫీసు పక్కనున్న పాత గుట్ట మీదే పోసి వెళ్ళాడు. నేను బల్ల దగ్గరున్నాను. కంటైనర్ మొత్తం పక్కకి నెట్టినట్టు అదిరింది. లేచి తలుపు తోశాను, కదల్లేదు. భుజం ఆనించి తోశాను. గోడని తోసినట్టుంది. కిటికీలోంచి చూస్తే గుట్ట జారి తలుపు మీద సగం ఎత్తు దాకా కూర్చుంది. అంతలో కరెంటు పోయింది, ఏసీ ఆగింది.

అన్నకి ఫోన్ చేశాను. "భయపడొద్దమ్మా, ఇదిగో వస్తున్నా," అంటూ ట్రాక్టర్ తెచ్చాడు. బకెట్ దించి గుట్టలోకి పోనిచ్చాడు. అంచు దిగలేదు. మట్టిని కోసుకుని వెనక్కి లాగాల్సింది పోయి, మొత్తాన్నీ నా తలుపు మీదికే తోసింది. తలుపు రేకు లోపలికి సొట్టపడింది. తలుపు కింద సందులోంచి ఎర్రటి బురద నా చెప్పుల దాకా వచ్చింది.

"ఆపన్నా! నెట్టొద్దు! నా మీదికే వస్తోంది!" గ్రిల్ పట్టుకుని గొంతు చించుకున్నాను. వానలోనూ ఇంజన్ చప్పుడులోనూ ఆయనకి వినపడలేదు. బకెట్ ఇంకోసారి వచ్చి గుద్దింది. బల్ల మీదున్న స్టీలు గ్లాసు తీసి గ్రిల్ మీద టంగుటంగుమని కొట్టాను. అప్పుడు ఇటు చూసి, ట్రాక్టర్ వెనక్కి తీశాడు.

అదే సమయానికి పాప ఫోన్. స్కూల్ నుంచి వచ్చేసింది. "అమ్మా, ఐయామ్ సో హంగ్రీ లా. జంతికలు ఎక్కడ పెట్టావ్?"

"పైఅరలో, నీలం మూత డబ్బాలో."

"వై యువర్ వాయిస్ లైక్ దట్?"

"వాన కదా నాన్నా, సరిగ్గా వినపడట్లేదు. కుర్చీ ఎక్కి తీసుకో, జాగ్రత్త."

ఫోన్ పెట్టేశాను. ఉక్కపోతకి, కిటికీ తీసి ఉన్నా లోపల గాలే లేనట్టుంది. ఇలా పోతే ఈ పాస్ కోసం, ఈ మట్టి కోసం పోయినట్టవుతుంది కదా అనుకున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

కిటికీ దగ్గరికెళ్ళి గుట్టని నిదానంగా చూశాను. "అన్నా, ఎదురుగా రావద్దు. ముందు పక్కనుంచి చేత్తో తవ్వండి. తవ్విన మట్టి ఎత్తిపోయడానికే బకెట్," అన్నాను. ఇంజన్ ఆపి ఉండడంతో ఈసారి వినపడింది. ఆయన తలూపి చంగ్‌కుల్ అందుకున్నాడు. మన పారలాంటిదే, ఇక్కడ అందరూ మలయ్ మాటే వాడతారు. ఇంకో చంగ్‌కుల్ పట్టుకుని అంకుల్ వచ్చాడు. నిక్కరు, రబ్బరు బూట్లు, నెత్తిన ఎరువు సంచి. నాలుగు వేట్లు వేసి ఆయాసపడుతూ ఆగేవాడు. కిటికీ వైపు చూసి "ఐ హియర్ ఆ, ఐ హియర్," అంటూ, ఇక్కడే ఉన్నానని చెప్పి మళ్ళీ వంగేవాడు. నన్ను ఈ డబ్బాలో కూర్చోబెట్టిన ఆ మనిషి మీద నాకున్న కసి అలాగే ఉంది. అయినా ఆయన గొంతు వినపడినంతసేపు కాస్త ధైర్యంగా ఉండేది.

చాలాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది. ఒక చెప్పు బురదలో వదిలేసి పక్కవాటుగా ఈడ్చుకుంటూ బయటికొచ్చాను. వానలో నిలబడి గాలి పీల్చుకున్నాను. అంకుల్ దగ్గరికొచ్చాడు. తన నెత్తి మీది సంచి తీసి నా తల మీద వేశాడు.

మర్నాడు పొద్దున్నే పిలిచి, "టీత్ కొను. వెల్డింగ్ చేయించెయ్," అన్నాడు. భయం ఆయన్ని ఆ కొసనుంచి ఈ కొసకి తెచ్చింది.

"వెల్డింగ్ వద్దంకుల్. నిన్న అన్న ఎదురుగా వచ్చి గుద్దినప్పుడు ఆ బకెట్‌కి పళ్ళుంటే ఈ రేకుని చీల్చుకుని లోపలికి వచ్చేవి. మట్టి తవ్వేటప్పుడు బిగిద్దాం. కంటైనర్ల దగ్గరికీ కాంక్రీటు మీదికీ వెళ్ళేటప్పుడు తీసేద్దాం."

అన్న గొణిగాడు. "మాటిమాటికీ ఊడదీయాలా అమ్మా?"

"ఊడదీయాలన్నా. లోపల ఉండేది నేను."

టేపు తెచ్చి బకెట్ లోపలి వెడల్పు కొలిచాను. వెనక ఒక కొలత వస్తే, ముందు అంచు దగ్గర కాస్త తక్కువ వచ్చింది. ఇన్నేళ్ళ గుద్దుళ్ళకి పక్కరేకులు లోపలికి ఒంగాయి. బార్ కూర్చునేది ముందు కనక ఆ కొలతే తీసుకున్నాను. మాది చిన్న ట్రాక్టర్, బరువైన బార్ వేస్తే ఎత్తే మట్టి తగ్గుతుంది. అందుకని తేలికది, పక్కల మాత్రమే బోల్టులు పడేది, అరిగిన పన్ను ఒక్కటే మార్చుకోగలిగేది ఎంచాను. కేటలాగులో అంకుల్‌కి చూపించి, "ఇదే. ఇంకోటి ఆఫీసుకి రెండో తలుపు," అన్నాను.

"రెండో డోరా? ఎందుకు?"

"నేను బయటికి రావడానికి."

అంకుల్ మొహం చిట్లించుకుని వెళ్ళిపోయాడు.

బార్ వచ్చిన రోజు అన్నే బిగించాడు. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే గానీ కూర్చోలేదు. పళ్ళు గుట్టలోకి కసుక్కున దిగాయి, పెళ్ళలు పెళ్ళలుగా మట్టి విడివడింది. "బాగుందమ్మా," అన్నాడు, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు. సాయంత్రానికి ఆ గుట్ట కంటైనర్‌కి దూరంగా, కంచె వారకి చేరింది.

రెండో తలుపు రాలేదు. కిటికీ గ్రిల్ మాత్రం కోయించి, కీళ్ళు పెట్టించి, లోపలినుంచి గడియ వేయించాడు అంకుల్. తర్వాత కొన్నాళ్ళకి నా పాస్ మళ్ళీ పొడిగించారు. ఆ సంగతి చెబితే మా ఆయన స్వీట్లు తెచ్చాడు. పాప రెండు తిని బాగున్నాయంది. నేనూ ఒకటి తిన్నాను. వేరే ఉద్యోగాల కోసం వెతకడం మాత్రం ఆ వారమే మళ్ళీ మొదలుపెట్టాను.