తిమ్మప్ప ఎవరని అడిగారు

ముప్ఫై ఏళ్లకు పైగా ఒక పేరు నా మెడమీద కూర్చుని ఉంది. నా పేరు కాదు. ఒక్క సాయంత్రం కోసం వాడుకున్నాను, ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పే దమ్ముంటే ఇన్నేళ్లు ఎందుకు ఆగుతాను?

రాయచూరు పక్కన కరెంటు ఫ్యాక్టరీలో నేనూ తిమ్మప్పా బొగ్గు మోసే బెల్టుల దగ్గర పనిచేసేవాళ్లం. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి నిలబడేదాకా ముందు షిఫ్టు మనిషి బెల్టు వదిలి పోకూడదు. ఇంట్లో ఏం మునిగిపోతున్నా సరే. తిమ్మప్పది పొద్దుటి షిఫ్టు. రెండింటికి వచ్చి అతన్ని విడిపించాల్సింది నేను.

తిమ్మప్ప పాడేవాడు. ఆ బెల్టు మోతలో మనం అరిచినా పక్కవాడికి వినపడదు. అతని పాట మాత్రం వినపడేది.

ఆ ఏడు హైదరాబాదు నుంచి ఒక ఆర్కెస్ట్రా పార్టీ మా ఊరికి వచ్చింది. వాళ్లంటే నాకు పిచ్చి. క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నాను. అందులో అకార్డియన్ వాయించే ఆయన వేళ్లు ఒక్కసారి కళ్లారా చూడాలి, అంతే నా కోరిక. టిక్కెట్లు బజార్లో రేడియో రిపేరు దుకాణంలో అమ్మారు. నేను రాత్రి డ్యూటీ దిగి, మర్నాడు పోయేసరికి ఒక్కటీ లేదు. దుకాణదారుణ్ణి బతిమాలాను. బ్లాకులో అమ్మేవాళ్ల కోసం స్టేషన్ రోడ్డంతా తిరిగాను. అయినా దొరికి ఏం లాభం? ఆ సాయంత్రం నాకు డ్యూటీ. షిఫ్టు మార్చుకుందామంటే ఎవడూ ఒప్పుకోలేదు.

తిమ్మప్పకు టిక్కెట్టు అక్కర్లేదు. ఆ పార్టీవాళ్లు పోయిన ప్రతి ఊళ్లో ఆ ఊరి గొంతు ఒకదానికి ఒక పాట ఇచ్చేవాళ్లు. నచ్చితే తమతో తీసుకుపోయేవాళ్లు. అతను ఆ దుకాణంలోనే పేరు రాయించుకున్నాడు. ముందురోజు నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు. "రెండింటికి నువ్వొచ్చి నిలబడన్నా. మిగతాది నేను చూసుకుంట."

వస్తానన్నాను.

నిజంగానే బయల్దేరాను కూడా. నమ్మకపోతే మీ ఇష్టం. టిఫిను డబ్బా పట్టుకుని స్టాఫు బస్సు కోసం నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఎక్కలేదు. నా బదులు ఎవర్నో ఒకర్ని పెడతారులే, నాలుగింటికైనా అతన్ని వదులుతారులే అనుకున్నాను. అనుకున్నానా, లేక అనుకున్నట్టు తర్వాత నాకు నేనే చెప్పుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నాకు జ్వరమని పక్కింటాయనతో ఫ్యాక్టరీకి కబురు పంపాను. ఇక కాలు ఒకచోట నిలవలేదు. పాటలు జరిగే హాలు ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని గోడలన్నీ తడిమాను.

ఆరైంది. తిమ్మప్ప రాలేదు. గేటు దగ్గర తోసుకుంటున్న జనంలోకి చూసి, పచ్చచొక్కా వేసుకున్న పార్టీ మనిషి కాగితం పట్టుకుని కేకేశాడు. తిమ్మప్ప ఎవరు, పాటకు పేరిచ్చిన తిమ్మప్ప ఎవరు అని.

"నేనే" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో అని చాలా ఏళ్లు ఆశ్చర్యపోతూ గడిపాను. అదీ దొంగాటే. కావాలనే అన్నాను, వచ్చింది.

వేదిక పక్కన, తెర చాటున బల్లమీద కూర్చోబెట్టారు. అకార్డియన్ ఆయన నాకు నాలుగడుగుల దూరంలో. ఆ వేళ్లు చూశాను. ఎంత సంతోషం వేసిందంటే, ఈరోజుకీ అన్నిటికన్నా ఆ సంతోషానికే ఎక్కువ సిగ్గుపడతాను. సగం పాటలయ్యాక పచ్చచొక్కా మళ్లీ వచ్చి, తిమ్మప్పా, తర్వాతి పాట నీదే అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది. గొంతు చూపించి, పట్టేసింది, పాడలేనని సైగ చేశాను. ఆయన జాలిగా చూసి కాగితంలో పేరు కొట్టేశాడు.

మర్నాడు తిమ్మప్ప మా ఇంటికి వచ్చాడు. నా బదులు ఎవర్నీ పెట్టలేదు, రాత్రి పదిదాకా బెల్టు దగ్గరే ఉన్నాడు. చేతిలో రెండు మోసంబీలు. నాకు జ్వరం కదా.

"జరం తగ్గిందా అన్నా?"

"తగ్గింది."

"నిన్న నా పేరు గిట్ల పిలిచిండ్రా, ఎవరన్న చెప్పిండ్రా నీకు?"

పిలిచారని చెబితే ఆ పూటే రైలెక్కి వాళ్ల వెనక పోయేవాడు. అక్కడ నా గుట్టు బయటపడేది.

"లేదంట. లిస్టుల నీ పేరే లేదంట."

మోసంబీలు నా చేతిలో పెట్టాడు. "పోనీ తియ్" అన్నాడు. ఆ తర్వాత బెల్టు దగ్గర మోత ఒక్కటే మిగిలింది. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కిందటి నెల పోతనాళలో అతని కూతురింటికి పోయాను. తిమ్మప్ప ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు. మనవరాలు పాడుతోంది. అదే గొంతు. రాయచూరులో ఒక పాటల పార్టీవాళ్లు కొత్తవాళ్లను చూస్తున్నారట, పోతానని తాత ప్రాణం తీస్తోంది.

తిమ్మప్ప నవ్వాడు. "వద్దు బిడ్డా. పేరు రాసుకుంటరు, పిలువరు. మన గొంతు వాళ్లకు ఆనదు. కావాలంటే ఈ తాతనడుగు. ఏం అన్నా, నన్ను పిలిచిండ్రా?"

ఆ పిల్ల నా వైపు చూసింది.

లేదన్నాను. మళ్లీ.

అప్పటినుంచి ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతున్నాను. మీకు చెప్పినంత మాత్రాన నా తప్పు తగ్గదు. ఆ పిల్ల ఇంకా పేరు ఇవ్వలేదని తెలుసు, చెప్పే ధైర్యం ఇంకా రాలేదనీ తెలుసు. కనీసం ఈ కాగితం మీదైనా అబద్ధం లేకుండా ఒక్క మాట రాస్తున్నాను, రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. పిలిచారు. రెండుసార్లు పిలిచారు. తిమ్మప్ప ఎవరని అడిగారు. అతను బెల్టు దగ్గర నా కోసం ఎదురుచూస్తున్నాడు.