మధ్యాహ్నం వాలే ముల్లు

శుభమస్తు. ప్రతి కడుపులోను, ప్రతి పొయ్యిలోను ఒక్క రూపున వెలుగు వైశ్వానరునకు మ్రొక్కి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నందన నామ సంవత్సర కార్తిక శుద్ధ సప్తమి నాటి సంగతి ఇది.

అప్పట్లో ఉప్పల్‌లో నా కాపురం. నాచారంలోని ఒక గాజుసీసాల కర్మాగారంలో ఉద్యోగం. కొలిమినుండి పొగగొట్టానికి ఊరక పోయే వేడిని దారిలోనే పట్టి, దానితో నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో చిన్న టర్బైన్‌ను త్రిప్పి కరెంటు తీయడం నాకప్పగించిన పని. కరెంటుకోతల కాలం కనుక అందరి ఆశా ఆ యంత్రంమీదనే ఉండేది. తొలి పక్షం చక్కగా నడిచింది. చలి ముదిరిన తరువాత రోజూ పన్నెండున్నరకు కరెంటు చూపే ముల్లు వాలిపోయి, ఒంటిగంట దాటాక తనంతట తానే లేచేది.

యజమాని కొలిమి మేస్త్రిని అనుమానించాడు. ఆ మేస్త్రి పాత నాచారం ఊరివాడు, ముప్పదేండ్లుగా ఆ మంటను కనిపెట్టుకొని ఉన్నవాడు.

"భోజనాలవేళ మంట తగ్గించి కునుకు తీస్తున్నాడండీ. శనివారంలోగా వేరే కారణం చూపించండి. లేదంటే అతన్ని తీసేస్తాను," అన్నాడు నాతో.

మూడు దినాలు నా లెక్కలు తిరగవేశాను, తప్పు దొరకలేదు. సప్తమినాడు భోజనం మాని, సరిగా ఆ వేళకు పొగదారి ప్రక్కనున్న ఇనుపనిచ్చెన ఎక్కాను. వేడి బయటికి పోకుండ రేకుకు నేను చుట్టించిన బొంతల నడుమ, నేను బిగించిన తనిఖీ తలుపు ఊడదీసి ఉంది. ఆ కంత ముందర ఇటుకలమీద పదునాలుగు అన్నపు డబ్బాలు బారులు తీరి ఉన్నాయి. వాటి ప్రక్కన మేస్త్రి గొంతుకూర్చున్నాడు. పొగను ఈడ్చే పంకా ఆ కంతగుండా చలిగాలిని కూడ లోనికి పీల్చుకొని, బాయిలర్‌కు చేరే పొగను చల్లబరుస్తున్నది. ముల్లు వాలక ఏమి చేస్తుంది?

"ఇదేమి పని, మేస్త్రీ?"

"బువ్వ ఏడి జేస్కుంటున్నం సారూ. ఎన్కట ఈ రేకు మీద డబ్బ వెడ్తె పది నిమిషాలల్ల పొగలొస్తుండె. మీరొచ్చి దీనికి బొంతలు గప్పిన్రు. జర సుత ఏడి బయటికొస్తలేదు."

"నాతో ఒక మాట చెప్పకూడదా?"

"గింత పెద్ద మిషిన్ వెట్టిన సారుకు మా డబ్బల ముచ్చట ఏం జెప్తం? మీ ఆంధ్రోళ్లకు పచ్చడుంటే సల్లబువ్వ గూడ దిగుతది. మాకు గట్ల నడ్వది."

నాకు నవ్వు వచ్చింది. యజమాని మాట చెప్పగానే ఆ నవ్వు పోయింది. మేస్త్రి చేతిలోని మూత పెట్టడం మరచిపోయాడు.

"ముప్పై ఏండ్ల సంది ఒక్కపారి సుత మంట తగ్గనియ్యలే సారూ," అని మాత్రం అన్నాడు.

పొగదారిని కొలిచిననాడు రేకుమీద గుండ్రని మచ్చలు చూచి తుప్పనుకొన్నాను. అవి డబ్బాల అడుగుల జాడలు. ఆ వేడికి నా యంత్రపు పటంలో 'వృథా' అని పేరు వ్రాసినవాణ్ణి నేనే.

ఆ సాయంకాలం యజమానితో, "తప్పు మంటలో లేదు, నా పటంలో ఉంది," అని జరిగినదంతా చెప్పాను. బాయిలర్ దాటినపిమ్మట పొగగొట్టం చేరేలోగా టర్బైన్‌కు చాలని వేడి కొంత మిగిలే ఉంటుంది, అన్నానికది చాలు. అక్కడ రేకుమీది బొంత తీసి ఒక ఇనుపబల్ల అమరుస్తానన్నాను. ఆయన, "ఎంత ఎత్తు ఉండాలో మేస్త్రినే అడగండి," అన్నాడు.

బల్ల అమరిననాడు తలుపు మూసే ఉంది, ముల్లు వాలలేదు. మేస్త్రి నా క్యారేజీ అడిగి తీసికొని తన డబ్బా ప్రక్కనే పెట్టాడు.

"సారూ, గా పచ్చడి సుత ఏడి జెయ్యాల్నా?"

మేస్త్రి 2014 మార్చి ముప్పదియొకటిన వయసు నిండి విరమించాడు. బల్ల ఆనాటికి అక్కడే ఉంది.