నూతి నీళ్ళ నిజం చెప్పిన అప్పలస్వామి గారు

అప్పలస్వామి మేస్త్రిగారు గురువారం ఉదయం పరమపదించారు. బావుల కమిటీ ఆఫీసులో గుమాస్తానైన నేను అప్పుడే రిజిస్టరు తెరుస్తున్నాను. వారి అల్లుడు సింహాచలం గుమ్మంలో నిలబడి, "మావ ఎల్లిపోనాడండి. టీ అడిగేడు, తెచ్చేసరికి లేడు" అన్నాడు. నా వెనక కుర్చీలో కూర్చున్న అధ్యక్షులవారు కిళ్ళీ నములుతూ "అరెరే, బహుత్ భలే ఆద్మీ థే" అని, చాలా మంచివాడని, హిందీలో మెచ్చుకున్నారు. మేస్త్రిగారిని ఉద్యోగంలోంచి తీసేసిన నోరు అదే. ఆ నోటితోనే, సంతాప తీర్మానం రాయమని నాకు పురమాయించారు. నాకు ముందు దుఃఖం కలగలేదు సుమండీ, రోత కలిగింది. ఆ రోతలో సగం నా మీదనే. ఎందుకో దాచకుండా చెబుతాను.

ఈ రాయ్‌పూర్‌లో మన తెలుగువారికి ఆయన తెలియకపోవడం ఉండదు. బొబ్బిలి పక్క పల్లె నుంచి రైల్వేలో ఖలాసీగా వచ్చి, స్టేషనుకూ, కూలీల ఇళ్ళ వరసలైన లైన్లకూ నూతులు తవ్వి, పింఛను పుచ్చుకున్నాక ఊరి బావులు చూసుకునే పనికి కమిటీలో చేరారు. బక్కపలచని విగ్రహం, మోకాళ్ళ మీది పంచె, చెవిలో అరకాల్చిన చుట్ట. అక్షరజ్ఞానం స్వల్పం. భూగర్భజలాన్ని గురించిన జ్ఞానం మాత్రం అనల్పం. పెద్ద చదువులవారికి నమస్కరించడంలో ఎంత వినయమో, నీళ్ళ విషయంలో అంత మొండితనం.

ఏటేటా జ్యేష్ఠ మాసంలో, వానలు పడకముందే, నడుముకు మోకు కట్టుకుని ఒక్కొక్క నూతిలోకీ దిగేవారు. చిన్న సుత్తితో గోడరాళ్ళను తట్టుకుంటూ, బీట కనబడ్డచోట ముక్కు ఆనించి వాసన చూసేవారు. "ఏటి మేస్త్రిగారూ, కుక్కలా ఆ వాసన చూడటం?" అని నేనొకసారి నవ్వాను. ఆయన పైకి వచ్చి, తడిసిన పంచె పిండుకుంటూ, "ఒరే సూర్నాణా, ఈ ఊరి కింద మట్టి మూరెడే. దాని కింద సున్నపురాయి, రాయి నిండా బొరియలు. ఇసకైతే నీళ్ళని ఒడగడతాది. రాయి ఒడగట్టదు, దారిస్తాది" అన్నారు. నీళ్ళు తేటగా ఉన్నాయి కదా అని ఎవరైనా అంటే, "సారా కూడా తేటగానే ఉంటాది బాబూ" అనేవారు.

ఖలాసీ లైన్లకు ఉన్నది ఒక్కటే నుయ్యి. దానికి ఎగువన, పండరీ వైపు మిట్ట మీద, ఊరి పాయిఖానాల మలమంతా పూడ్చే గోతులు ఉన్నాయి. ఆ గోతులు తీసెయ్యమని ఆయన ఎన్ని ఏళ్ళు మొత్తుకున్నా కమిటీ చెవిని పెట్టలేదు. ఒక శ్రావణంలో, ముసురు పట్టిన సాయంత్రం, రెండు బస్తాల ఉప్పు బండి మీద తోలించుకుపోయి ఆ గోతిలో కుమ్మరించారు. మర్నాడు పొద్దున్నే నూతి గట్టు మీద కూర్చున్నారు. మన పైడమ్మ, మీలో చాలామందికి పాలు పోసిన పైడమ్మే, దోసెడు నీళ్ళు పుక్కిలించి, "ఇదేటి మేస్త్రీ, నీళ్ళు ఉప్పగున్నాయేటి?" అంది.

"ఉప్పు నాను పోసిందేనమ్మా."

"నూతిలోనా?"

"కాదు. నిన్న సాయంత్రం పీతిగోతిలో పోసేను. రేత్రికి రేత్రే నీ నోటికొచ్చింది."

పైడమ్మ అక్కడికక్కడే భళ్ళున వాంతి చేసుకుంది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ఈ సంగతి మీటింగులో చదివినప్పుడు ఒక సభ్యుడు, "అయితే పప్పులో ఉప్పు వేసుకునే పని తప్పిందిలే" అన్నాడు. అందరూ నవ్వారు. ఛీ! నేనూ పళ్ళు ఇకిలించాను.

అప్పుడు మేస్త్రిగారు నా దగ్గరకు వచ్చి చేసిన ప్రార్థన నేను మరిచిపోలేను. "నాది ఖలాసీ మాట సూర్నాణా, ఎవులింటారు? సదువుకున్నోళ్ళని, నీళ్ళ ఇంజినీర్లని పిలిపించమని అర్జీ రాయి నాయినా. ఆలు సెప్తే ఇంటారు." రాశాను. ఆశ్చర్యం! కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. 'టెక్నికల్ కన్సల్టెంట్లు' అనే మాట అధ్యక్షులవారికి నోరూరించింది. నాగపూరు సర్కారు పెద్దలకు వినిపించుకోవడానికి అంతకంటే గంభీరమైన శబ్దం ఏముంటుంది? కలకత్తా నుంచి ఒక కంపెనీవారు ఇద్దరు వస్తామని ఉత్తరం రాశారు. ఆ రోజు మేస్త్రిగారు లైన్లలో ఇంటింటికీ వెళ్ళి బెల్లం ముక్క పంచిపెట్టారు.

ఇక మనవాళ్ళ మర్యాద చూడండి. పెద్దలు వస్తున్నారంటే గోడలకు సున్నం కొట్టడం, దారికి ఇసుక చల్లడం మనకు అనాదిగా ఉన్న అలవాటు కదా! నీళ్ళు పరీక్షించడానికి వస్తున్నవారికీ అదే మర్యాద చేశారు. "మెహమాన్ కే సామ్నే గందగీ?" అని, అతిథుల ముందు మురికా అని, అధ్యక్షులవారు నిజంగానే బాధపడ్డారు. పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు ఆ నూతిని ముస్తాబు చేయమన్నారు. గట్టుకు వెల్ల, గిలకకు ఎర్రరంగు, మలంగోతుల ముందు తడికలు, తడికలకు మామిడాకులు. మూడు రోజులపాటు నూతిలో బ్లీచింగ్ పొడి. ఆ పొడి డబ్బాలకు డబ్బాలు కుమ్మరించిన చేతులు నావి. ఇది మోసం అని ఆ గదిలో ఒక్కడికీ తోచలేదు. నాకు తోచింది. తోచినా కుమ్మరించాను.

నిపుణులు వచ్చారు. టోపీలు, గాజు సీసాలు, లక్క ముద్రలు. అప్పలస్వామి గారు ఉతికిన పంచె కట్టుకుని, వారి వెంట నడుస్తూ చేతులు జోడించి చెప్పుకున్నారు. ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవాణ్ణి నేను. మధ్యలో ఉన్న మట్టి మురికిని వడకట్టేస్తుందని వారిలో పెద్దాయన సెలవిచ్చాడు. ఆయన చదువంతా బెంగాలు ఒండ్రుమట్టిలో జరిగింది మరి. "ఇక్కడ మట్టెక్కడుంది బాబూ, రాయి. ఒక్కసారి నాతో నూతిలోకి దిగండి, సూపిస్తాను. లేదా ఒక బస్తా ఉప్పు తెప్పించండి" అని మేస్త్రిగారు బతిమాలారు. "మేము నాలుకతో పరీక్షలు చేయం" అని చిన్నాయన నవ్వాడు. సీసాలు నింపుకున్నారు, కోడికూరతో భోంచేశారు, సాయంత్రం బండికి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక మేస్త్రిగారు నూతిలోకి వంగి చూసి, "ఆసుపత్రి వాసనొస్తందేటి సూర్నాణా?" అన్నారు.

"కొత్త సున్నం వాసనండి" అన్నాను.

ఆయన నా ముఖం వంక కాసేపు చూసి, చుట్ట వెలిగించుకున్నారు.

నెల తిరగ్గానే దళసరి కాగితం మీద నివేదిక వచ్చింది. ఖలాసీ లైన్ల నూతి జలం నిర్దోషం, పానయోగ్యం. అధ్యక్షులవారు దానికి అద్దం బిగించి గోడకు తగిలించారు. నూతి దగ్గర తప్పెట కొట్టించి తెలుగులోనూ హిందీలోనూ చాటించారు. మళ్ళీ వానలు పడ్డాయి. లైన్లలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మేస్త్రిగారు గిలక పీకేసి, తాడు చుట్టి ఒళ్ళో పెట్టుకుని, గట్టుకు అడ్డంగా కూర్చున్నారు. ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు వస్తే వాళ్ళ మాటల్లోనే, "దాయీ, ఏ పానీ ల ఝన్ పీబే" అని, ఈ నీళ్ళు తాగొద్దు తల్లీ అని, దణ్ణం పెట్టేవారు. మనవాళ్ళకు మన మాటల్లో చెప్పేవారు. కొందరు ఆయన్ని పక్కకు నెట్టి చేద వేసుకున్నారు.

అధ్యక్షులవారు నివేదికను అద్దంతో సహా బంట్రోతు చేత మోయించుకుని అక్కడికి వచ్చారు. "నిపుణులు కావాలని అర్జీ పెట్టింది నువ్వే. ఇప్పుడు వారి మాట కాదంటున్నదీ నువ్వే. నీకు మతి పోయింది" అన్నారు.

"నాను పిలవమంది నూతిని సూడ్డానికి బాబూ. ఆలు సూసింది మీ సున్నాన్ని" అన్నారు మేస్త్రిగారు.

ఆ పూటే ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఉత్తర్వు రాసినవాణ్ణి కూడా నేనే. ఆ వారంలోనే పైడమ్మ పోయింది. ఉప్పునీళ్ళు కక్కుకున్న మనిషే, కాగితంలో మంచివని రాశారట కదా అని మళ్ళీ ఆ నీళ్ళే తాగింది. ఆమెను కాటికి పంపి వచ్చాక, ఉండబట్టలేక మేస్త్రిగారి కాళ్ళ దగ్గర కూర్చుని బ్లీచింగ్ పొడి సంగతి కక్కేశాను.

"నాకు తెల్దేటి? ముక్కుంది కదా" అన్నారు. "నువ్వే సెప్తావేమో అని సూసేను. పోనీ, ఇప్పుడైనా కాయితం మీద రాసి సంతకం పెట్టు. నా మాట సెల్లదు, నీ మాట సెల్తాది."

పెట్టలేదు. ముగ్గురు పిల్లలు, కమిటీ జీతం. రేపు, ఎల్లుండి అంటూ ఏడాది గడిపాను. ఆయన మళ్ళీ అడగలేదు, నాతో మాటా మానలేదు. దారిలో కనబడితే "పిల్లలికి నీళ్ళు కాచి ఇస్తన్నారా?" అని మాత్రం అడిగేవారు. తిట్టి ఉంటే బాగుండేది.

శుక్రవారం సంతాపసభ జరిగింది. ఆయన్ని నెట్టినవారు, తీసేసినవారు, నవ్వినవారు వరసగా లేచి కన్నీళ్ళు తుడుచుకున్నారు. ఖలాసీ లైన్ల నూతికి 'అప్పలస్వామి నిర్మల కూపం' అని పేరు పెట్టి పలక బిగించాలని తీర్మానించారు. అయ్యా, ఆ నీళ్ళకు ఆ మహానుభావుడి పేరు! పలక మీద మాటలు చూసి రాయించే పని, యథాప్రకారం, నాకే అప్పగించారు.

రాయించాను. నిన్న ఉదయం నేనే వెళ్ళి బిగించి వచ్చాను. దాని మీద తెలుగులోనూ హిందీలోనూ ఇలా ఉంది: 'ఈ నీళ్ళు తాగకండి. మలంగోతుల మురికి ఇందులోకి దిగుతోందని కీర్తిశేషులు అప్పలస్వామి గారు చెప్పింది నిజం. పరీక్షకు ముందు మూడు రోజులు ఇందులో మందు కలిపి నిపుణులకు చూపించినవాణ్ణి నేను.' కింద నా పూర్తి పేరు, ఉద్యోగం. ఆ ఉద్యోగం ఈ వ్యాసం మీ చేతికి వచ్చేసరికి ఉండదు.

పలక బిగిస్తుంటే పైడమ్మ కూతురు బిందెతో వచ్చింది. చదువు రాదు, చదివి చెప్పమంది. చదివాను. నా పేరు దాకా విని, ఆ నూతిలోంచే బిందె నిండా తోడి తెచ్చి, నా కాళ్ళ మీద కుమ్మరించి వెళ్ళిపోయింది. తడి కాళ్ళతోనే మేస్త్రిగారి ఇంటికి వెళ్ళి, వారి పటానికి నమస్కరించాను. ఆ ధీరుడి లోటు తీర్చగలవారు ఈ ఊళ్ళో నాకు ఒక్కరూ కనబడటం లేదు. ఆయన ఒక్కరే చెప్పారు, మనం ఇంతమందిమి విని ఊరుకున్నాం, పైడమ్మ చచ్చిపోయింది.